స్కాండినేవియా స్టోన్‌వేరు: పూతలోని రసాయనము, అడుగులోని చరిత్ర

స్వీడను, డెన్మార్కు, ఫిన్లండు దేశములలో 1930 మొదలు 1970 వరకు గల నాలుగు దశాబ్దులయందు తయారైన స్టోన్‌వేరు పాత్రలను వెదకి సేకరించు అభిరుచి నేడు ఆ దేశముల ఎల్లలు దాటి బహుదూరము వ్యాపించినది. మొదటిసారి చూచువారికి వీనిలో విశేషమేమియు గోచరింపదు. పెక్కింటిపై పూలు లేవు, బంగారు గీతలు లేవు, రాజుల బొమ్మలు లేవు. జానెడెత్తు కలశ మొకటి, దోసిట నిముడు గిన్నె యొకటి, బొటనవ్రేలికి మించని బుల్లి కూజా యొకటి. వానిపై గోధుమవన్నెయో, బూడిదవన్నెయో, నీలమును పచ్చయును కలసిన మసక వన్నెయో పరచుకొని యుండును. ఇంత నిరాడంబరమైన వస్తువునకు వేలకొలది క్రోనర్లు వెచ్చించువా రేల యున్నారని ప్రశ్నించువారికి సమాధానము పాత్రయొక్క ఆకారములో కొంతయే కలదు. అధికభాగము దానిని కప్పియున్న గాజుపూతలోను, ఆ పూతను పుట్టించిన ఆవపు వేడిమిలోను ఉన్నది. ఈ కళలో సగము రసాయనశాస్త్రము. ఆ సగము నెరుగనివాడు సంతకములను సేకరింపగలడు గాని పాత్రలను సేకరింపలేడని నా అభిప్రాయము.

కుమ్మరి ఆవములో కాలిన మన నీళ్ళకుండ సాధారణముగా 700 నుండి 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని మాత్రమే చూచును. ఆ వేడికి మట్టిరేణువులు అంచులయం దతుకుకొనునే గాని కరగవు. రేణువుల నడుమ సందులు మిగిలియుండుటచేతనే నీరు వెలుపలికి చెమర్చి, ఆవిరియై, లోపలి నీటిని చల్లబరచును. స్టోన్‌వేరునకు 1200 మొదలు 1300 డిగ్రీల వరకు వేడిమి కావలెను. ఆ ప్రయాణమున మట్టి పలు అవస్థలను దాటును. చీనామన్నులో రసాయనబంధముచే చిక్కుకొనియున్న నీరు 500, 600 డిగ్రీల నడుమ విడిపోవును. 573 డిగ్రీలయొద్ద పలుగురాతి స్ఫటికములు హఠాత్తుగా రూపు మార్చుకొని వ్యాకోచించును. చల్లారునపు డదే తావున మరల కుంచించుకొనును. తొందరపాటు ఏ దిశగా జరిగినను పాత్ర పగులునది ఈ ఘట్టముననే. 1000 డిగ్రీలు దాటిన పిమ్మట ముల్లైట్ అను సూదిరూపపు స్ఫటికములు జనించి యొకదానితో నొకటి పెనవేసికొనును. 1150 డిగ్రీల ప్రాంతమునుండి ఫెల్డ్‌స్పార్ అను ఖనిజము కరగి, ద్రవమైన గాజై, సందులలో నిండనారంభించును. పచ్చిమట్టి పాత్ర ఆరి కాలి వచ్చునప్పటికి కొలతలో నూటికి పది పండ్రెండు పాళ్ళు తగ్గిపోవును. నీటిని పీల్చు గుణము నూటికి రెండు మూడు పాళ్ళకు దిగజారును. మన యింటి ఊరగాయ జాడీ ఈ జాతిలోనిదే. ఉప్పు, నూనె, పులుసు సంవత్సర మంతయు నిలిచియున్నను జాడీ గోడలలోనికి దిగకుండుటకు కారణ మీ గాజు నింపుడే.

స్వీడను దేశమునకు దక్షిణపు కొసనున్న స్కానే ప్రాంతములో హోగనాస్ అను నూరు గలదు. అచ్చట బొగ్గుగనులను త్రవ్వినపుడు బొగ్గుపొరలతోపాటు అగ్నికి తాళు బంకమన్ను కూడ లభించినది. పందొమ్మిదవ శతాబ్దియందు ఆ మన్నుతో చేసిన ఉప్పుపూత జాడీలు స్వీడను వంటయిండ్లకు పచ్చళ్ళు, ఉప్పుచేపలు నిలువచేయు పాత్రలై చేరినవి. ఉప్పుపూత పద్ధతి చిత్రమైనది. ఆవము మిక్కిలి వేడెక్కిన తరుణమున పనివాడు అందులోనికి మామూలు ఉప్పును చల్లును. ఉప్పు ఆవిరియై నీటియావిరితో కలియగా హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు పొగగొట్టము వెంట వెడలిపోవును, మిగిలిన సోడియము పాత్రమీది సిలికాతో కూడి సన్నని గరుకుగల గాజుపొరగా మారును. ముందుగా పూత పూయవలసిన పనియే లేదు. ఈ హోగనాస్‌లోనే 1899లో బెర్న్ట్ ఫ్రిబెర్గ్ జన్మించెను. మన వ్యాసమునందు ఆయన మరల తటస్థపడును.

జాడీలు చేయు మన్ను కళాఖండములకు తగునని ఉత్తరదేశములవారికి తోచుటకు తూర్పుదేశములే కారణము. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఫ్రాన్సులోని కుమ్మరులు జపాను పాత్రలను చూచి ముగ్ధులై స్టోన్‌వేరును చేపట్టిరి. స్వీడనులో పుట్టిన పాట్రిక్ నార్డ్‌స్ట్రోమ్ ఆ విద్యను డెన్మార్కునకు తెచ్చి, 1775లో స్థాపితమైన రాయల్ కోపెన్‌హేగన్ పింగాణీ కర్మాగారములో దానికి తావు కల్పించెను. పిమ్మట చీనాదేశపు సుంగ్ వంశకాలమునాటి పాత్రల ప్రభావము బలపడినది. యువరాజుగానుండి 1950లో స్వీడను సింహాసన మెక్కిన ఆరవ గుస్తావ్ అడాల్ఫ్ చీనా కళావస్తువులను శ్రద్ధతో సేకరించిన పండితుడు. 1926లో స్టాక్‌హోములో ప్రాచ్యపురావస్తు సంగ్రహాలయ మేర్పడినది. ఎనిమిదివందల యేండ్ల క్రిందటి చీనా కుమ్మరి అనుభవముచే సాధించినదానిని స్వీడను, డెన్మార్కు కుమ్మరులు త్రాసుతోను, ఉష్ణమాపకముతోను సాధింప బూనిరి. అందులకు వారికి రసాయనవేత్తలు కావలసివచ్చిరి.

అట్టివారిలో అగ్రగణ్యురాలు నతాలీ క్రెబ్స్. 1895లో జన్మించిన ఈమె కళాశాలలో చిత్రలేఖనము నేర్చిన కళాకారిణి కాదు. రసాయనశాస్త్రమున పట్టము పొందిన యింజనీరు. కోపెన్‌హేగన్‌లోని బింగ్ అండ్ గ్రోన్‌డాల్ కర్మాగారములో పనిచేసి, గున్నార్ న్యూలుండ్ అను శిల్పితో కలసి కొంతకాలము చిన్న పనిశాల నడపి, ఆయన స్వీడనులోని రోర్‌స్ట్రాండ్ కర్మాగారమునకు వెడలిపోయిన పిమ్మట, నగరమునకు సమీపముననున్న హెర్లెవ్‌లో సాక్స్‌బో అను పేర పనిశాలను తానే సాగించెను. 1932లో ఇవా స్టేర్-నీల్సన్ వచ్చి చేరెను. ఆకారము స్టేర్-నీల్సన్‌ది, పూత క్రెబ్స్‌ది. కళాకారుడు సర్వమును తన చేతనే చేయవలెనను భావము ప్రబలియున్న కాలములో ఇట్టి శ్రమవిభాగమును దాచకుండుట ఆ పనిశాల నిజాయితీకి సాక్ష్యము. సాక్స్‌బో పాత్రపై చేయి పెట్టిచూచిన వానికి ఆ పూతలోని మెత్తదనము వెంటనే తెలియును. ఆ మెత్తదనము స్ఫటికముల పని. పూతలో సున్నము, మెగ్నీషియము మొదలైన వాని పాళ్ళు హెచ్చించి ఆవమును మెల్లమెల్లగా చల్లార్చినచో, ద్రవగాజునందు కంటికి ఆనని స్ఫటికములు లక్షోపలక్షలుగా పుట్టును. పడిన వెలుతురు వానికి తగిలి నలుదిక్కులకు చెదరిపోవుటచే మెరుపు చచ్చి మార్దవము కలుగును. అదే పాత్రను తొందరగా చల్లార్చిన స్ఫటికములకు పుట్టు వ్యవధి లేక, పూత తళతళలాడు మామూలు గాజే యగును. కనుక ఆ మసకదనము కొన్ని గంటల ఓర్పునకు ఫలము.

రంగుల సంగతి యింకను విచిత్రమైనది. పూతలో ఇనుప ఆక్సైడు నూటికొక పాలో రెండు పాళ్ళో ఉన్నదనుకొందము. ఆవములోనికి గాలి ధారాళముగా వచ్చినచో పూత తేనెవన్నె తిరుగును. గాలి నరికట్టి పొగ నిండునట్లు చేసినచో, అనగా క్షయకరణము జరిపినచో, మంట తనకు వలసిన ఆమ్లజనిని ఇనుప ఆక్సైడునుండియే లాగికొనుటచే, అదే పూత చీనావారు పచ్చరాతితో సమానముగా నెంచిన లేతపచ్చ వన్నెను పొందును. రాగి ఆక్సైడు మంచి గాలిలో పచ్చగానుండి, క్షయకరణమున అతిసూక్ష్మ లోహకణములుగా మారి నెత్తురెరుపు నిచ్చును. ఇనుప ఆక్సైడును ఎనిమిది పది పాళ్ళకు పెంచినచో నలుపు గోధుమ కలసిన చిక్కని పూత పుట్టును. చీనాలోని ఫుజియెన్ ప్రాంతమున సుంగ్ కాలపు తేనీటి గిన్నెలు ఈ తెగలోనివే. సేకరణకర్తలు చెవులపిల్లి రోమము అని పిలుచు పూతకు మూల మిదియే. గిన్నె అంచునుండి అడుగునకు సన్నని చారలు వేనకువేలు దిగుచుండును. వానిని కుంచెతో ఎవ్వరును గీయలేదు. వేడిమి 1230 డిగ్రీలకు మించిన వెనుక పూతలోని ఇనుప ఆక్సైడు కొంత ఆమ్లజనిని వదలిపెట్టును. ఆ వాయువు బుడగలై పైకి తేలుచు, తమ చుట్టునున్న ఇనుము దండిగాగల ద్రవమును వెంట తెచ్చి, ఉపరితలమున పగులును. బుడగ పగిలిన చోట ఇనుపచుక్క మిగులును. వేడి మరికొంత సాగిన యెడల పూత పల్చబడి క్రిందికి జారును, చుక్క సాగి గీత యగును. చల్లారునపుడు ఆ గీతలలో ఇనుప ఆక్సైడు స్ఫటికము లేర్పడి మెరయును. వేడి తక్కువైనచో చుక్కలే నిలుచును. ఎక్కువైనచో పూత యంతయు జారి అడుగున ముద్దకట్టి, పాత్రను ఆవపు పలకకు అతికించివేయును. ఈ చీనా గిన్నెలలో చుక్కలపూత గల వానిని 2014లో ఎక్స్-కిరణములతో పరిశోధించినవారికి, ప్రయోగశాలలో చేయుటకు మిక్కిలి కష్టమైన ఇనుప ఆక్సైడు రూపమొకటి, ఎప్సిలాన్ అను పేరుగలది, ఆ పూతలోనే దొరకినది. సుంగ్ కుమ్మరి ఎరుగకయే దానిని తయారుచేసి తేనీటిగిన్నెకు పూసెను!

చెవులపిల్లి రోమపు పూతను స్వీడనులో పరాకాష్ఠకు తెచ్చినవాడు పైన పేర్కొన్న ఫ్రిబెర్గ్. బాల్యముననే కుమ్మరిపనిలో ప్రవేశించి, 1934లో స్టాక్‌హోము సమీపమందలి వార్మ్‌డో ద్వీపముననున్న గుస్తావ్స్‌బెర్గ్ కర్మాగారములో విల్‌హెల్మ్ కోగె అను కళాధ్యక్షునికి సారెపనివాడుగా కుదిరెను. అనగా పదియేండ్లపాటు ఆయన చేయి కోగెయొక్క ఊహలకు రూపమిచ్చుచుండెను. 1944 ప్రాంతమునుండి స్వనామమున పాత్రలు చేయనారంభించి, మిలాను త్రైవార్షిక ప్రదర్శనములలో 1951, 1954 సంవత్సరములలో స్వర్ణపతకములు గెలిచికొనెను. ఆయన బుల్లి కూజాలను చూడవలెను. రెండు మూడంగుళముల యెత్తు, చిటికెనవ్రేలు పట్టని మెడ, కాగితమంత పలుచని అంచు; సారెమీద త్రిప్పి చేసినవి, అచ్చు పోసినవి కావు. పెద్ద కలశముపై పూత జారుటకు చోటున్నది. అంగుళపు భుజముపై చారలు అంచునుండి పాదము వరకు సాగి, పాదముకంటె వెంట్రుకవాసి పైన ఆగిపోవలెననిన పూతయొక్క మందము, ఆవపు వేడిమి రెండును ఎంత నిక్కచ్చిగా కుదరవలెనో ఊహించుకొనవచ్చును.

గుస్తావ్స్‌బెర్గ్ 1825లో పుట్టిన కర్మాగారము. 1937లో స్వీడను సహకారసంఘముల సమాఖ్య దానిని కొనినది. కోగె 1917లో కార్మికుల యిండ్లకొరకు చవుకగా నుండు భోజనపాత్రల నొకపట్టు రూపొందించి పేరు వడసినవాడు. ఆయనయే 1930 నాటి స్టాక్‌హోము ప్రదర్శనమునకు ఆర్జెంటా అను ఖరీదైన వరుసను తెచ్చెను. మసక పచ్చపూతపై వెండితో మత్స్యకన్యలు, చేపలు, పూలు అమర్చిన ఈ పాత్రలు సామాన్యుని బల్లను చేరలేదని విమర్శకులు ఎత్తిపొడిచిరి. కాని అవి విశేషముగా అమ్ముడుపోయినవి. నాకు మాత్రము ఆర్జెంటా అంతగా రుచింపదు. అంత చక్కని పూతపై వెండి పరచుట పూతను నమ్మకపోవుటయే. కోగె అనంతరము 1949లో కళాధ్యక్షుడైన స్టిగ్ లిండ్‌బెర్గ్ బహుముఖ ప్రజ్ఞావంతుడు. ఆయన రంగురంగుల ఫయాన్సు (తెల్లపూత మట్టి) పాత్రలు ఎక్కువ ప్రసిద్ధములైనను, పూతపనియందు ఆయన స్టోన్‌వేరు తీసిపోదు. కర్మాగారములో స్నానపుతొట్లు, పళ్ళెములు లెక్కకు మిక్కిలిగా తయారగుచుండ, ప్రక్కనే కళాకారులకు ప్రత్యేకముగా నొక పనిశాల నిచ్చి, ఒక్కటొక్కటిగా పాత్రలు చేసికొనుడని జీతమిచ్చి కూర్చుండబెట్టుట ఆ యాజమాన్యపు దూరదృష్టి. లాభము లేకపోలేదు, ఆ పనిశాల కీర్తి పళ్ళెముల అమ్మకమునకు తోడ్పడినది, అచ్చట కుదిరిన పూత కొంతకాలమునకు వంటపాత్రలపై దిగినది.

డెన్మార్కులో రాయల్ కోపెన్‌హేగన్‌కు అక్సెల్ సాల్టో చేసిన పాత్రలు ఈ నిరాడంబర సంప్రదాయమునకు పూర్తిగా విరుద్ధములు. పాత్రగోడలనుండి మొగ్గలు పొడుచుకొనివచ్చుచున్నట్లు, కాయలు పగిలి మొలకెత్తుచున్నట్లు ఆయన మలచెను. అవి వట్టి వింతలని త్రోసివేయుటకు ముందు పూతను చూడవలెను: ఎత్తులపై పూత జారి పలుచనై లేతగోధుమగాను, పల్లములలో నిండి చిక్కనై నలుపుగాను నిలుచుటకే ఆ మొగ్గలు ఏర్పడినవి. ఇటలీలోని గంధకపు అగ్నిపర్వతబిలము పేర సోల్ఫతారా అని పిలువబడు పూత ఆయన పాత్రలపై పసుపు, పచ్చ, గోధుమవన్నెల కలయికతో పొంగినట్లు కానవచ్చును. రోర్‌స్ట్రాండ్‌లో కార్ల్-హ్యారీ స్టోల్‌హానె సన్నని పొడవాటి కూజాలు, డెన్మార్కులో లిన్నెమాన్-ష్మిట్ దంపతుల పాల్‌షుస్ పనిశాల, ఫిన్లండులో అరేబియా కర్మాగారమునకు ఉల్లా ప్రోకోపే 1960లో రూపొందించిన రుస్కా అను గోధుమవన్నె భోజనపాత్రలు, ఇవి యన్నియు తమతమ పద్ధతిని చూడదగినవే.

ఇక కొనువారి సంగతి. పాత్ర చేతికి రాగానే దానిని తలక్రిందు చేయవలెను. పైభాగము కళాకారునిది, అడుగు ఆవముది, ఆవము అబద్ధమాడదు. పాదమునకు పూత లేకుండుటచే అచ్చట మన్ను బయటపడియుండును: దాని వన్నె, గరుకు, సారెమీద ఉలితో చెక్కిన గీతలు కానవచ్చును. అచ్చుపోసిన పాత్రలో ఆ గీతలుండవు. గుస్తావ్స్‌బెర్గ్ పనిశాల పాత్రలపై చేతిగుర్తు, ఫ్రిబెర్గ్ పాత్రలపై చేతితో చెక్కిన పేరును, సంవత్సరమును తెలుపు అక్షరమును ఉండును. రాయల్ కోపెన్‌హేగన్‌కు మూడు అలలు గురుతు. ఆ గురుతు మీదుగా అడ్డముగా గీత గీసియున్నచో కర్మాగారమే దానిని రెండవరకముగా లెక్కించినదని అర్థము. ఆ గీతను గమనింపక మొదటిరకపు వెల నిచ్చుకొనువారు అనేకులు.

వ్రేలితో మెల్లగా మీటిన స్టోన్‌వేరు ఖంగున మ్రోగవలెను. బొంగురుశబ్దము వచ్చినచో ఎక్కడనో జీర యున్నది. అంచు విరిగినదానిని రంగుజిగురుతో పూడ్చి అమ్ముట సర్వసాధారణము. చీకటిలో అతినీలలోహిత దీపమును పట్టినచో ఆ అతుకు తక్కిన పూతకంటె భిన్నముగా వెలుగును. దీపము లేనివారు అంచుచుట్టును పెదవిగాని చెంపగాని ఆనించి చూడవచ్చును: గాజు చల్లగా నుండును, జిగురు అంత చల్లగా నుండదు. పూతపై వలవంటి సన్నని పగుళ్ళు కానవచ్చిన వెంటనే భయపడనక్కరలేదు. మట్టికంటె పూత ఎక్కువగా కుంచించుకొనినపుడు తాను లాగబడి పగులునది పూతయే గాని పాత్ర కాదు; కాని మిక్కిలి మురికి చేరిన పగుళ్ళు, వాడుకలో నీరు లోపలికి దిగినదని చెప్పకచెప్పును. పూలనీటి తెల్లచారలు సున్నపుపొరలు. పలుచని వినెగారు వానిని కరగించును గాని, మసకపూతలలోని స్ఫటికములను కూడ ఆమ్లము తినివేయవచ్చును గనుక మొదట నీటితోనే ప్రయత్నించుట మేలు. ఆర్జెంటా వెండి నల్లబడుట గాలిలోని గంధకమువలన. తోమినకొలది అరుగునది నలుపు మాత్రమే కాదు, దానిక్రింద వెండియు. వేడినీటిలో హఠాత్తుగా ముంచుట ఏ పాత్రకును పనికిరాదు.

నేటి అంగడిలో సాల్టో పాత్రలు, పెద్ద ఫ్రిబెర్గ్ కలశములు సామాన్యులకు అందరాని వెలలు పలుకుచున్నవి. సాక్స్‌బో గిన్నెలకు అందులో బహుస్వల్పభాగము చాలును. ఈ తారతమ్యము పూతనుబట్టి వచ్చినది కాదు, పేరునుబట్టియు దొరకుటలోని అరుదునుబట్టియు వచ్చినది. క్రెబ్స్ పూత వారిలో నెవ్వరికిని తీసిపోదు. స్టాక్‌హోములోను, కోపెన్‌హేగన్‌లోను ఉద్యోగరీత్యా నివసించుచున్న మన తెలుగువారు వారాంతపు పాతసామానుల సంతలకు పోవునపుడు, కొనుటకు ముందొకమారు గుస్తావ్స్‌బెర్గ్‌లోని పింగాణీ సంగ్రహాలయమునుగాని, డెన్మార్కులో మిడ్డెల్‌ఫార్ట్‌నందలి క్లే సంగ్రహాలయమునుగాని దర్శించి, మంచి పూతకు కన్ను అలవాటు చేసికొనవలెనని నా మనవి. అటుపిమ్మట మొదటి పాత్రగా సాక్స్‌బో గిన్నె నొకదానిని కొనుడు. ఆ పనిశాల 1968లో మూతబడినది; చేసినవాని సంఖ్య యిక పెరుగదు.